పసుపు పెట్టిన పాతబట్టలు

అమ్మిరాజు ఆ మాట చెప్పకుండా ఉండవలసింది. చెప్పినా నూకయ్య వినకుండా ఉండవలసింది. యానాం రేవులో ఒడ్డుకి లాగి పక్కకి ఒరిగించిన పడవ కింద గొంతుక్కూర్చుని, పలకల సందుల్లో కొబ్బరిపీచు కూరుతూ, కొయ్యసుత్తి దెబ్బ దెబ్బకీ నూకయ్య ఇదే అనుకుంటున్నాడు.

“సామానంతా ఒక్కసారే తెచ్చుకో బావా,” అన్నాడు అమ్మిరాజు మొన్న సంతలో కనబడి. “చేతులూపుకుంటూ వచ్చి పొయ్యి వెలిగిస్తే మునసబుగారు దాన్ని కాపురవంటారేటి? వనభోజనానికొచ్చేవనుకుంటారు. మంచం, చాప, చేట, మూటా ముల్లే అన్నీ కనబడాలి. వాడుకున్న సామానుకి చౌకీలో సుంకం లేదులే. నీకోసవని నేను కనుక్కున్నాను.”

ఎంత ప్రేమగా చెప్పాడో! తన కోసం ఒక మనిషి చౌకీ దాకా వెళ్ళి కనుక్కున్నాడంటే ఆ పూట నూకయ్యకి కళ్ళు చెమర్చాయి కూడా. అమ్మిరాజు మేనత్త కొడుకు. గోగులమేటలో నూకయ్యకి రావలసిన నేలకి ఆనుకునే ఉంది అమ్మిరాజు చేను. ఈ సాయంత్రం లోగా నూకయ్య అక్కడ పొయ్యి వెలిగించకపోతే ఆ నేల ఎవరి చేతిలో పడుతుందో ఆ ఊళ్ళో కుక్కనడిగినా చెబుతుంది. నూకయ్యకి మాత్రం ఆ సంగతి తట్టడానికి రెండు రాత్రులు పట్టింది. తట్టేసరికి పడవ మాట్లాడేశాడు. మాట్లాడిన పడవని వద్దంటే పడవవాడు ఏమంటాడో అని భయం. సామాను వదిలేసి వెడితే మునసబు ఏమంటాడో అని భయం. ఎటు తిరిగినా ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు. పుట్టిన దగ్గర్నుంచీ నూకయ్యకి ఇదే గొడవ.

గోగులమేట అన్నది గోదావరికి అవతలి ఒడ్డున, కొబ్బరితోటల వెనక లేచిన ఒండ్రునేల. ఒకప్పుడు నూకయ్య తండ్రి సాగుచేసుకున్నదే. పదిహేనేళ్ళ కిందట వచ్చిన ఉప్పెన ఆ నేలనీ, నేల మీది పాకనీ, పాకలోని తల్లిదండ్రుల్నీ కలిపి తీసుకుపోయింది. తాటిచెట్టుని కావలించుకుని నూకయ్య ఒక్కడూ మిగిలాడు. తెల్లారి చూస్తే చెట్టు ఉంది, చెట్టు చుట్టూ ఊరు లేదు. తర్వాత ఏటేటా వరద ఒండ్రు తెచ్చి పోసి పోసి మళ్ళీ అదే చోట నేలని లేపింది. ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టాక, కాలవనీళ్ళొస్తాయన్న ఆశతో ఇప్పుడు తుంగదిబ్బలకి కూడా మనుషులు కొట్టుకుంటున్నారు. అక్కడి మునసబు నూకయ్య తండ్రిని ఎరిగున్నవాడు. కబురంపించాడు. తాసీలుదారుగారు జమాబందీకి, ఏటి శిస్తు లెక్కలకి వస్తున్నారు, మేట మీద ఎవరి పొయ్యి వెలుగుతుంటే వారి పేరనే కౌలు రాస్తారు, పరాసువారి యానాంలో ఉండేవాడికి కుంపిణీవారి నేల రాయరు గనక పెళ్ళాంతో సహా వచ్చి కాపురం ఉండమని. పొయ్యి అన్నాడు గాని సామాను మాట మునసబు అననే లేదు. సామాను మాట అమ్మిరాజుది.

యానాం పరాసు దొరలది, అంటే ఫ్రెంచివారిది. అవతలి ఒడ్డు ఇంగ్లీషు కుంపిణీ దొరలది. నడుమ ఉన్నది ఒక్క గోదావరి. ఆ నీళ్ళు దాటితే చాలు, దొర వేరు, చట్టం వేరు, ఉప్పు ధర వేరు. అందుకే అవతలి రేవులో సుంకం చౌకీ పెట్టారు. ఆ చౌకీ గురించి యానాంలో చెప్పుకోని కథ లేదు. ఉప్పు తెచ్చినవాణ్ణి ఎండలో వంగోబెట్టి వీపు మీద రాయి ఎత్తారట. కొత్తకోకలు నడుముకి చుట్టుకుని దాటబోయిన మనిషికి వేళ్ళ మధ్య పుల్లలు పెట్టి నొక్కారట. కళ్ళారా చూశానన్నవాడు ఒక్కడూ కనబడలేదు. అయినా విన్నప్పుడల్లా నూకయ్య వీపు దానంతట అదే వంగేది.

అసలే అది వంగిన వీపు. పడవల కింద దూరి దూరి, నెత్తి మీద పడవ లేనప్పుడు కూడా ఉన్నట్టే నడుస్తాడు. మనిషి సన్నం. మోకాళ్ళు పాదాలకంటే వెడల్పుగా కనిపిస్తాయి. గోళ్ళ సందుల్లో గుగ్గిలం నల్లగా గడ్డకట్టి, ఏ కుంకుడురసానికీ వదలదు. ఎవరైనా వెనక నుంచి గట్టిగా పేరు పెట్టి పిలిస్తే గుండె దగ్గర పిడికిలి బిగిసినట్టవుతుంది. అది భయమో జబ్బో తేల్చుకోవడం ఎప్పుడో మానేశాడు.

చివరి సందు కూరడం అయింది. కాగిన గుగ్గిలం తాటికుంచెతో పూసి, పలక మీద అరచెయ్యి వేసి ఆ చివర నుంచి ఈ చివరకి రాశాడు. ఎక్కడా పీచు పొడుచుకు రాలేదు. ఈ పని ఇవాళ చెయ్యవలసిన అవసరం లేదు. కాపురం ఎత్తేసే రోజున ఎవడైనా పనికొస్తాడా? కాని నూకయ్య తను వెళ్ళిపోతున్నానని పడవల సావుకారుకి చెప్పలేదు. చెబుదామని నాలుగుసార్లు గోడౌను గుమ్మం దాకా వెళ్ళి, “ఏం నూకయ్యా?” అని ఆయన తలెత్తగానే, “ఏంలేదండి, గుగ్గిలం నిండుకుందండి” అని వచ్చేశాడు. ఇప్పుడు ఆ గోడౌనులో నూకయ్య పేర అక్కర్లేని గుగ్గిలం గుట్టగా పడి ఉంది. పోనీ, పడవ పూర్తి చేసి పోతే తిట్టడేమో అనుకున్నాడు. ఉలీ సుత్తీ గోనెలో చుట్టుకుని, సావుకారు లేచే వేళకి ముందే గోడవారగా నడిచి ఇంటికొచ్చాడు.

మరిడమ్మ అప్పటికి మూటలన్నీ కట్టేసింది. నూకయ్య కంటే ఆమె చాలా చిన్నది, నోరు మాత్రం పెద్దది. చేతివేళ్ళు పచ్చగా ఉన్నాయి.

“ఏటే ఆ చేతులు?”

“పసుపు మావా. బట్టలన్నిటికీ అంచులకి అద్దేను. కొత్తింట్లోకెడతా పసుపు లేకండా ఎలా పట్టుకెడతాం? మంచో చెడో, మీ నాన్నగారి నేల కదా.”

నూకయ్యకి ఆ మాట బాగుంది. ఉప్పెన తర్వాత తండ్రి మాట ఎత్తి అంత మామూలుగా మాట్లాడినవాళ్ళు లేరు. ఇద్దరు బిడ్డలు పుట్టి నిలవకపోయినా ఈ మనిషి ప్రతి పండక్కీ ప్రతి గుమ్మానికీ పసుపు రాస్తూనే ఉంది. రాయనీ అనుకున్నాడు. పగిలిన మట్టిమూకుడుతో సహా అన్నీ మోసి పడవలో పెట్టారు.

పడవ పోలిరాజుది. వాడి నోటికి తాళం లేదు.

“ఏం నూకయ్య బావా, పరాసు దొరకి చెప్పొచ్చేవా? నువ్వు లేకపోతే పాపం యానాం ఎత్తేసుకుని పోతాడేమో!”

“పోతే పోనీ అన్నయ్యా,” అంది మరిడమ్మ. “నీ పడవలో మాత్రం ఎక్కించుకోకు. దొరగారికి నీళ్ళు తోడ్డం అలవాటుండదు.”

“నా పడవకేటమ్మా, మీ ఆయన కూరిన పీచే! కారితే ఆయన్నే అడుగు.”

నూకయ్య నవ్వబోయి ఆగిపోయాడు. అవతలి ఒడ్డున కొబ్బరితోటల ముందు చౌకీ పెంకుల కప్పు ఎర్రగా కనబడుతోంది. వైశాఖమాసపు ఎండ నీళ్ళ మీద పడి కళ్ళలో గుచ్చుకుంటోంది.

“ఉప్పు గట్రా ఏవైనా ఉంటే ఇక్కడే గోదాట్లో కలిపెయ్ బావా,” అన్నాడు పోలిరాజు తెడ్డు వేస్తూ. “పోయినేడు ఒకడు మొలలో చిటికెడు కట్టుకుంటే...”

“ఉప్పులేదు,” అన్నాడు నూకయ్య గబుక్కున. ఒక క్షణం ఆగి మరిడమ్మ వైపు తిరిగి చిన్నగొంతుతో, “ఆ జాడీ?” అన్నాడు.

“ఆవకాయ మావా అది.”

“అందులో ఉప్పుంటుంది కదే.”

“లేకపోతే కుళ్ళిపోదూ?”

“పారేద్దావేటే?”

మరిడమ్మ జాడీని ఒళ్ళోకి లాక్కుంది. “నన్ను పారెయ్, దీన్ని కాదు.”

పోలిరాజు తెడ్డు ఆపి మరీ నవ్వాడు. నూకయ్య మాత్రం ఒడ్డు వచ్చేదాకా ఆ జాడీనే చూస్తూ కూర్చున్నాడు. గుండె దగ్గర పిడికిలి బిగిసింది.

*

చౌకీ అంటే పెద్ద మేడేమీ కాదు. ఎత్తరుగు మీద రెండు గదులు, ముందు కర్రస్తంభాల వసారా, వసారాలో ఒక రాతబల్ల. బల్ల వెనక గుమాస్తా సత్యానందం పంతులు. ఆయన తలపాగా బాగా చుట్టడం రాక చెవి మీదికి జారుతుంటే క్షణక్షణానికీ సర్దుకుంటున్నాడు. అరుగు కింద జవాను అప్పన్న, బుగ్గన పుగాకు పెట్టుకుని, మూటలకేసి దిగులుగా చూశాడు. విప్పవలసింది అతనే.

“ఎక్కణ్ణించిరా?” అన్నాడు పంతులు.

“యానాం నుంచండి బాబయ్యా. కాపురానికొస్తున్నావండి.”

“కాపురానికి అట్నుంచి ఇటా! అందరూ ఇట్నుంచి అటు పోతున్నారే. అక్కడ సారా చవకట కదా?”

“ఆయ్.”

“తాగుతావా?”

“ఆయ్... లేదండి. లేదండి బాబయ్యా.”

అప్పన్న పుగాకు పక్కబుగ్గకి తోసి నవ్వాడు. పంతులు నవ్వలేదు. ఆ వేళ ఆయనకి నవ్వే ఓపిక లేదు. సాయంత్రం తాసీలుదారుగారు చౌకీ తనిఖీకి వస్తున్నారు. ఈ బల్ల దగ్గర ఇంతకుముందు కూర్చున్న గుమాస్తా ఒక బట్టలమూట చూడకుండా వదిలి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. యానాం వర్తకులు కొత్తబట్టల్ని మట్టిలో మాపి, మడతలు నలిపి, వాడుకున్న బట్టలని చెప్పి దాటిస్తున్నారని అప్పుడే బయటపడింది. కట్టుకున్న బట్టలకి సుంకం లేదు. కొత్తబట్టలకి ఉంది. దాచి తెస్తే జప్తు, ఆపైన జైలు. ఆ తేడా కనిపెట్టలేకపోతే తన గతీ అంతే. పంతులు కూడా భయపడుతున్నవాడే. కాకపోతే ఆయన నీడలో కూర్చుని భయపడుతున్నాడు.

మూటలు ఒకటొకటే విప్పారు. మంచం కోళ్ళు తట్టి చూశారు. బొంతని నొక్కి చూశారు. ఉలీ సుత్తీ వదిలేశారు. గుగ్గిలం ముద్ద పట్టుకుని, “ఇది సరుకు కాదురా?” అన్నాడు పంతులు.

“అరిగిపోయిన ముక్కండి. పడవలపనండి నాది.”

“జాడీలో ఏమిటి?”

నూకయ్య మరిడమ్మకేసి చూశాడు. మరిడమ్మే చెప్పింది. “ఆవకాయండి పంతులుగారూ.”

“ఉప్పు ఎక్కడిది?”

“ఊరిపోయిందండి. ఏ దొరదో దాన్నే అడగండి.”

అప్పన్న పగలబడి నవ్వాడు. పంతులు మూతి కూడా కొంచెం కదిలింది. జాడీని పక్కకి తోయించాడు. నూకయ్యకి ఊపిరి తిరిగింది. అయిపోయింది, గండం గడిచింది అనుకున్నాడు. పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు. మేట ఇక్కడికి కోసెడు దూరం లేదు.

అప్పుడు అప్పన్న బట్టలమూట విప్పాడు.

మొదటి కోక మడత విప్పగానే పంతులు చెయ్యి తలపాగా మీద ఆగిపోయింది. నాలుగు మూలలా పసుపు. తర్వాత పంచె, దానికీ పసుపే. చిరిగిన ఉత్తరీయానికి, తలగుడ్డకి, చివరికి వంటగుడ్డకి కూడా పచ్చగా, నిన్న రాత్రి అద్దినంత తాజాగా పసుపు.

“ఒరే అప్పన్నా,” అన్నాడు పంతులు నెమ్మదిగా. “ఇవి కొత్తబట్టలురా.”

“చిరిగున్నాయి కదండీ.”

“చింపుతారు. మాపుతారు. ఏదైనా చేస్తారు. పాతబట్టకి పసుపు పెట్టే ఆడది ఉందిట్రా లోకంలో? కొత్తబట్ట కట్టబోయే ముందు పెడతారు. మా ఇంట్లోనూ అంతే. అన్ని ఎత్తులూ వేసేరు గాని, కొత్తబట్ట పసుపు లేకుండా కడితే కీడని పసుపొక్కటీ మానలేకపోయేరు.”

“అయ్యో, అది కాదండీ,” అంది మరిడమ్మ ముందుకొచ్చి. “కొత్తది బట్ట కాదండి, ఇల్లండి. కొత్తింట్లోకెడతన్నావని నేనే...”

“నువ్వూరుకో,” అన్నాడు నూకయ్య.

“వాణ్ణి చెప్పనీ,” అన్నాడు పంతులు. “నువ్వు చెప్పరా. ఇవి కట్టిన బట్టలా, కట్టని బట్టలా?”

చెప్పవలసింది ఒక్క మాట. ఆ ఉత్తరీయం మీద తన భుజం మరక ఉంది. పంచెకి పక్కనే గుగ్గిలం మచ్చ ఉంది. వేలు పెట్టి చూపిస్తే చాలు. కాని పంతులు కంఠం హెచ్చింది. వసారా చివర గోడకి ఆనించి రెండు వెదురుకర్రలు ఉన్నాయి. అవి తలుపుకి అడ్డం పెట్టే కర్రలే కావచ్చు. నూకయ్య వాటినే చూస్తున్నాడు.

“తమరెలాగంటే అలాగేనండి బాబయ్యా,” అన్నాడు.

మరిడమ్మ నుదురు కొట్టుకుంది.

పంతులు అతనికేసి ఆశ్చర్యంగా చూశాడు. ఎదురు చెప్పి ఉంటే గదమాయించి, తిట్టి, ఆఖరికి వదిలేసి ఉండేవాడేమో. ఇలా ఒప్పుకునేవాణ్ణి ఏం చెయ్యాలో ఆయనకి తెలియలేదు. తెలియనప్పుడు గుమాస్తాలు చేసేదే చేశాడు.

“సాయంత్రం తాసీలుదారుగారు వస్తారు. ఆయనే చూసి తేలుస్తారు. అందాకా ఈ అరుగు దాటి కదలకు.”

*

సామానంతా అరుగు చివర, నీడ లేని వైపు, చెదిరిపోయి పడి ఉంది. ఎవరైనా ఏదైనా పట్టుకుపోతే అది కూడా తన నేరమే అవుతుందని, నూకయ్య దాని పక్కనే స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. స్తంభం నీడ సన్నగా అతని ముక్కు మీద పడి, కాసేపటికి అదీ జరిగిపోయింది.

మరిడమ్మ అప్పన్నని అడిగింది. “తాసీలుదారుగారు తిన్నగా ఇక్కడికే వస్తారా అన్నయ్యా?”

“ఎందుకొస్తారమ్మా. ముమ్మిడివరం నుంచి దిగి, మేటలూ దిబ్బలూ కొలిపించుకుని, మునసబుతో గోగులమేట తిరిగి, ఆ పనయ్యేక ఇటు.”

ఏ మనిషి వచ్చేలోగా మేట మీద ఉండాలో, ఆ మనిషి వచ్చేదాకా ఇక్కడ ఉండాలి. ఆ ముడి మరిడమ్మకి వెంటనే తెలిసింది. నూకయ్యకి అంతకుముందే తెలిసింది. తెలిసీ చెప్పలేదు.

“మావా,” అంది మొగుడి పక్కన కూర్చుని. “నేనెళ్ళి పొయ్యెలిగిస్తాను. నువ్విక్కడుండు.”

“వద్దే. కదలొద్దన్నారు కదా.”

“అన్నది నిన్ను. నన్ను కాదు.”

“నువ్వూ సామానుతోపాటే వచ్చేవు కదే.”

“అంటే నాక్కూడా సుంకవేత్తారేటి?”

అతను నవ్వలేదు. “సామాను లేకపోతే కాపురవనరంట,” అన్నాడు నేలకేసి చూస్తూ. “అమ్మిరాజు చెప్పేడు.”

“అమ్మిరాజు చెప్పేడు. మునసబుగారు చెప్పేరా?” ఆమె గొంతు తగ్గించింది. “ఆలోచించు మావా. మునసబుగారడిగింది పొయ్యి. దానికి మూడు బెడ్డలూ గుప్పెడు తాటాకులూ చాలును. ఈ మంచం, ఈ మూటలు, ఇవన్నీ అమ్మిరాజడిగినవి. ఇయ్యి లేకపోతే తెల్లారకట్ట పోలిరాజు అన్నయ్య పడవలో దిగి ఈపాటికి గంజి కాసేవాళ్ళం.”

నూకయ్య తల ఇంకా వంచుకున్నాడు. అతనికి ఇది నిన్న రాత్రే తట్టింది.

“నీకు దేనికి మావా అంత భయం? ఉప్పెన్లో బతికేవు కదా.”

ఉప్పెనలో చెట్టుని పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు బతికాడు, కదిలినవాళ్ళు పోయారు. తండ్రి దూడని విప్పడానికి కదిలాడు. తల్లి తండ్రి కోసం కదిలింది. ఆ రాత్రి అతనికి తెలిసిన సంగతి ఒక్కటే, పట్టుకున్నది వదలకూడదని. అప్పట్నుంచీ దేన్నీ వదల్లేదు, తక్కువ కూలి ఇచ్చే సావుకారుని కూడా. ఇదంతా అతను మాటల్లో పెట్టలేడు. “అడిగి వెళ్ళు,” అన్నాడు ఆఖరికి.

“అడిగితే వద్దంటాడు.”

“అందుకే అడగమంటన్నాను.”

మరిడమ్మ అతని మొహంలోకి చూసింది. కోప్పడలేదు. అతని తలగుడ్డ తీసి, జారిన చోట మళ్ళీ మడిచి కట్టింది. చౌకీ వెనక అప్పన్న అన్నం వండుకునే పొయ్యి ఉంది. అక్కడికి వెళ్ళింది. పంతులు భోజనం చేసి లోపలి గదిలో కునుకు తీస్తున్నాడు. అప్పన్న ఏమీ అడగకుండా ఒక కుండపెంకులో నాలుగు నిప్పులు, ఒక చిన్నకుండలో గుప్పెడు నూకలు వేసి ఇచ్చాడు. ఆమె నిప్పుల మీద కొబ్బరిపీచు కప్పి, ఊదుకుంటూ తోటల్లోకి నడిచింది. వెనక్కి తిరగలేదు. పచ్చని కోక కొంగు కాసేపు చెట్ల మధ్య కనబడి, తర్వాత కనబడలేదు.

నూకయ్యకి అసలు భయం అప్పుడు మొదలైంది. లోపల పంతులు దగ్గినప్పుడల్లా తోటల దారికేసి చూస్తున్నాడు. సగం పొద్దు వాలాక పంతులు కళ్ళు నులుముకుంటూ వసారాలోకి వచ్చాడు.

“ఆడది ఏదిరా?”

“ఏటొడ్డుకెళ్ళిందండి. నీళ్ళకండి.”

అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో అతనికే తెలియలేదు. పంతులు బల్ల దగ్గరికి వెళ్ళి తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకోవడం మొదలుపెట్టాడు. అంతే. నూకయ్య గుండె దగ్గర పిడికిలి మాత్రం ఈసారి బిగిసి, వదల్లేదు. ఎడమచెయ్యి మోచేతి దాకా తిమ్మిరెక్కింది. చెమట పట్టిన ఒంటి మీద గాలి చల్లగా తగిలింది. వైశాఖంలో చలేమిటి అనుకున్నాడు. ఎవరినైనా పిలుద్దామా అనిపించింది. పిలిస్తే ఏమని అడుగుతారో, ఆడది ఇంకా రాలేదేమని అడుగుతారేమో. పిలవలేదు.

అప్పన్న వెనక తోటలోంచి ఒక బోండం కొట్టి తెచ్చి అతని పక్కన పెట్టాడు.

“తాగు. మొహం చూడు ఎలా ఉందో.”

“ఈ చెట్టు ఎవరిదండి?”

“ఎవరిదైతే నీకెందుకయ్యా?”

“సర్కారుదాండి?”

అప్పన్న అతనికేసి చూసి, తల అడ్డంగా తిప్పి, “మా తాతగారిది. తాగు,” అని రేవులోకి దిగిపోయాడు.

నూకయ్య తాగలేదు. పంతులు చూడనీ, చూసి ఏమీ అనకపోతే అప్పుడు తాగుదామనుకున్నాడు. బల్లకేసి చూశాడు. పంతులు అద్దంలో తలపాగా చూసుకుంటున్నాడు. తోటలకేసి చూశాడు. కొబ్బరిమట్టల పైన, మేట ఉన్న దిక్కున, సన్నగా పొగ లేస్తోంది.

ఆ పొగ మరిడమ్మదో, ఎవరో తుంగ తగలబెడుతున్నదో అతనికి తెలియలేదు. మొదట నల్లగా లేచింది. తర్వాత తెల్లబడింది. పచ్చితాటాకు అంటుకోక ముందు అలాగే పొగ చిమ్ముతుంది. తండ్రి వర్షాకాలంలో పొయ్యి ఊదుతూ, పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకుంటూ, “ఇదుగో అంటుకుంటంది, ఇదుగో అంటుకుంటంది” అనేవాడు. నూకయ్య స్తంభానికి వీపు ఆనించాడు. వంకర వీపు కొంచెం తిన్నగా అయింది. అలా తిన్నగా కూర్చుని అతను ఎప్పుడూ ఎవరికీ కనబడలేదు. రేవులోంచి తలెత్తి చూసిన అప్పన్న, కునుకు పట్టినట్టుంది పాపం అనుకుని, మళ్ళీ తాళ్ళు చుట్టుకోవడంలో పడ్డాడు.

*

పొద్దు వాలుతుండగా తాసీలుదారు గుర్రం దిగాడు. వెనక మునసబు. మునసబుకి తాటాకు గొడుగు పడుతూ అమ్మిరాజు. ఎండ తగ్గిపోయినా గొడుగు పడుతూనే ఉన్నాడు. అమ్మిరాజు లాంటివాళ్ళు ఏ పనీ సగంలో వదలరు.

పంతులు బట్టలు చూపించాడు. తాసీలుదారు పెద్దాయన. పంచె ఎత్తి పసుపు చూశాడు, పక్కనున్న గుగ్గిలం మచ్చ చూశాడు, వంటగుడ్డ చూసి నవ్వేశాడు.

“ఏమయ్యా సత్యానందం, మా అమ్మ ఇల్లు మారితే చీపురుకట్టకి కూడా పసుపు రాసేది. పాతవేనయ్యా ఇవి. సుంకమూ లేదు, ఏమీ లేదు. పంపించెయ్. మేట మీద పొయ్యి వెలిగించింది వీడి పెళ్ళామేనా? పేరు రాసుకున్నాం కదా, నూకయ్య అని?”

“అవునండి,” అన్నాడు మునసబు. అరుగు దగ్గరికి వచ్చి, “నూకయ్యా, లేవరా. మీ నాన్న నేల నీ పేరెక్కింది,” అన్నాడు.

నూకయ్య లేవలేదు.

“లేవరా. పెద్దలొచ్చేరు,” అన్నాడు పంతులు.

పెద్దలొస్తే నూకయ్య లేవకపోవడం అన్నది అతని జన్మలో అదే మొదటిసారి. అప్పన్న పరిగెత్తుకొచ్చి భుజం తట్టాడు. భుజం మెల్లగా పక్కనున్న బట్టలమూట మీదికి ఒరిగింది.

అప్పన్న ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత అమ్మిరాజు గొడుగు మడిచి జాగ్రత్తగా గోడకి ఆనించి, “బావా!” అని పెద్దగా ఏడ్చాడు. అతను ఏడుస్తుండగానే మునసబు తాసీలుదారు చెవిలో ఏదో అన్నాడు. మొగదిక్కు లేని పొయ్యికి కౌలు రాసే వాడుక లేదు. మేట పక్కన చేను ఉన్నవాడు ఎదురుగానే ఉన్నాడు. పేరు మార్చడానికి ఎంతసేపు? పంతులు కలమే తీసుకున్నారు.

మరిడమ్మకి కబురందేసరికి మేట మీద గంజి ఉడుకుతోంది. ఆమె వచ్చి మూటలు మళ్ళీ కట్టింది. పసుపు పెట్టిన కోకల్లో మెత్తనిది తీసి మొగుడి మీద కప్పింది. పోలిరాజు పడవ వచ్చింది. పోలిరాజు అతన్ని ఎత్తి పడవలో పడుకోబెట్టాడు. అవతలి ఒడ్డున పరాసువారి జవానులు ఏ మూటా విప్పమనలేదు. ఇంట్లోంచి తెచ్చుకున్న సామాను ఇంట్లోకే పోయింది, చేటతో సహా.

నూకయ్యకి పోయింది గోగులమేటలో ఎకరం కూడా లేని ఏడు కుంచాల నేల. చౌకీ అరుగు చివర, స్తంభం మొదట్లో, అప్పన్న కొట్టిన బోండం మర్నాడు పొద్దున కూడా అలాగే ఉంది. కన్నం చుట్టూ చీమలు పట్టాయి. నీళ్ళు మాత్రం అంచు దాకా ఉన్నాయి.